గుర్రపుడెక్క కమ్మిన మధ్యాహ్నం

నేనొక పడవని. పడవ అనగానే మీకు తోచే తెరచాపా, టేకు చెక్క వాసనా నాలో వెతక్కండి. నేను ఫైబరు పడవని. భీమిలి దగ్గర ఒక రేకుల షెడ్డులో, అచ్చులో గాజునార పరిచి, దాని మీద జిగురు పులిమి, ఆరబెట్టి నన్ను ఊడదీశారు. నన్ను చేసినవాళ్ళు మూతికి గుడ్డలు కట్టుకుని, ఆ జిగురు వాసనని తిట్టుకుంటూనే నా ఒంటికి నీలం రంగు వేశారు. అంచుకి పసుపు పూశారు. ముక్కు మీద రెండు కళ్ళు గీశారు. కళ్ళుంటే పడవ దారి తప్పదని వాళ్ళ నమ్మకం. దారి చూసేది వెనక కూర్చుని మోటారు తిప్పే మనిషి, పేరు మాత్రం నా కళ్ళకి. నేనేమీ అభ్యంతరం చెప్పలేదు.

మొదట నన్ను సూరాడ దానయ్య కొన్నాడు. కొన్నేళ్ళు సముద్రం మీద తిరిగాను. వలలో చేప తగ్గేకొద్దీ దానయ్య ఇంకా ఇంకా లోపలికి పోయేవాడు. ఒక తుఫానులో తప్పించుకుని వచ్చాక అతని భార్య ఒట్టు పెట్టించుకుంది. అంతే, నన్ను గనగళ్ళ నూకరాజుకి అమ్మేశాడు. నూకరాజు నన్ను లారీ ఎక్కించి, సముద్రమనేది కంటికి కనిపించనంత దూరం, చిలకలేరు జలాశయానికి తీసుకొచ్చాడు. అప్పటికే అక్కడ తీరం నుంచి వలస వచ్చిన జాలర్ల కుటుంబాలు గట్టున ఇళ్ళు వేసుకుని ఉన్నాయి. దాని పేరు కొత్తజాలరిపేట. మంచినీళ్ళలో నేను ఉప్పునీళ్ళలో కంటే కొంచెం లోతుకి దిగుతాను. మొదటిరోజు అది చూసి నూకరాజు కంగారుపడి, అడుగున ఎక్కడో చిల్లుందని నన్ను గట్టెక్కించి అంతా తడిమాడు. అతని భార్య కొర్లమ్మ నవ్వి, "నువ్వే లావెక్కినావు. పడవేటి సేత్తాది?" అంది.

ఈ కథ ఆ కొర్లమ్మది. నూకరాజుకి నడుము పట్టేశాక మోటారు పట్టుకున్నది ఆమే.

జలాశయానికి ఉత్తరపు ఒడ్డున అణువిద్యుత్ కేంద్రం ఉంది. పేటలో అందరూ దాన్ని ప్లాంటు అంటారు. ప్లాంటు లోపల ఏం జరుగుతుందో నేను చూడలేదు. మస్తాన్ వలి కొర్లమ్మకి చెబుతుంటే విన్నదే నాకు తెలిసింది. వలి ప్లాంటులో పర్యావరణ ప్రయోగశాల ఉద్యోగి, కర్నూలు వైపు మనిషి. జలాశయం నీటి వేడి కొలవడం అతని పని. అందుకు ప్లాంటు వాళ్ళు నన్ను అద్దెకి తీసుకున్నారు. రోజూ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి కొర్లమ్మ అతన్ని నీళ్ళ మీదికి తీసుకెళ్ళేది. వలికి ఈత రాదు. లైఫ్ జాకెట్ లేకుండా గట్టు మీద కూడా నిలబడేవాడు కాదు. అంత నీటిభయం ఉన్న మనిషిని నీళ్ళ పనికే పెట్టడం ప్లాంటు వాళ్ళకి తప్ప ఇంకెవరికీ తోచదని కొర్లమ్మ అనేది.

"అణువు వేడితో నీళ్ళు కాగి ఆవిరవుతాయి. ఆ ఆవిరి చక్రాన్ని తిప్పుతుంది, కరెంటు పుడుతుంది. తిప్పాక ఆ ఆవిరిని మళ్ళీ నీళ్ళు చెయ్యాలి కదక్కా. అందుకు చల్లదనం కావాలి. ఈ జలాశయం నీళ్ళు పెద్ద పంపులతో లోపలికి లాక్కుంటాం. మధ్యలో గొట్టాల గోడ ఉంటుంది, ఆ నీళ్ళూ ఈ నీళ్ళూ కలవవు. ఒక్క వేడి మాత్రం వీటికి అంటుకుంటుంది. మళ్ళీ ఇక్కడే వదిలేస్తాం."

"అంటే మీ ఉడుకంతా తెచ్చి మా గంగలో ఒలకబోత్తన్నారన్నమాట."

"ఒలకబోస్తాం గానీ దానికి హద్దుంది. తీసుకున్న నీటికంటే ఏడు డిగ్రీలు మించి వేడెక్కించి వదలకూడదు. అది చూడ్డానికే నేనున్నాను."

ఆ వేడినీళ్ళు పొడవాటి కాలువ గుండా దక్షిణం వైపు ఒక పాయలోకి వస్తాయి. పాయ బయట పేట ఆడవాళ్ళ సంఘం చేపల పంజరాలు తేలుతుంటాయి. ఇనుప చట్రాలకి వలలు కట్టి, ఖాళీ డ్రమ్ముల మీద తేల్చిన గదులవి. ఆ చోటు ఏరింది కొర్లమ్మే. చలికాలంలో ఆ నులివెచ్చని నీళ్ళలో చేప గబగబా ఎదుగుతుంది. వేడి తక్కువైతే బాగుండని ఎండాకాలమంతా తిట్టుకునే ఆడవాళ్ళు, చలికాలమంతా అదే వేడికి మనసులో దండం పెట్టుకునేవారు. ప్లాంటుకీ పేటకీ మధ్య వ్యవహారం అలాగే ఉండేది. ఎవరూ పూర్తిగా కోపం తెచ్చుకోలేరు, ఎవరూ పూర్తిగా నమ్మలేరు.

ఆ ఏడు మే నెల నిప్పులు కురిసింది. జలాశయం బాగా కిందికి దిగిపోయింది. ప్లాంటుకి నీళ్ళు లాగే పంపులు నాలుగైతే, వాటిలో ఒకటి బేరింగు అరిగిపోయి విప్పేసి ఉంది. కొత్తది ఎక్కడినుంచో రావాలి, రావడం లేదు. మూడు పంపుల మీద బండి నడుస్తోంది. వలి కొలిచినప్పుడల్లా వేడి ఏడు డిగ్రీల అంచున తచ్చాడుతోంది. అతను అంకె చూసి ఊపిరి పీల్చుకుని, మళ్ళీ మధ్యాహ్నం చూడాలని గుర్తొచ్చి ఊపిరి బిగబట్టేవాడు.

ఆ రోజు పేటలో మగాళ్ళు లేరు. అందరికీ చుట్టరికమున్న పెళ్ళి ఒకటి తీరంలో పడితే, మోటారు పడవలు గట్టున కట్టేసి, ఉన్నవాళ్ళంతా పొద్దున్నే బస్సెక్కారు. నడుం నొప్పితో మూలిగే నూకరాజు కూడా పెళ్ళి అనగానే లేచి కూర్చున్నాడు. పంజరాల దగ్గర చేపలకి మేత వెయ్యాలి కాబట్టి ఆడవాళ్ళు ఉండిపోయారు. వాళ్ళలో మోటారు నడపడం వచ్చింది కొర్లమ్మ ఒక్కదానికే.

మధ్యాహ్నం మేం పాయ జలాశయంలో కలిసే మొగలో ఉండగా గాలి లేచింది. వాన లేదు, ఉరుము లేదు, ఉత్త గాలి. ముందు దుమ్ము లేచి ఒడ్డు కనబడకుండా పోయింది. తర్వాత నేను పక్కకి ఒరిగిపోవడం మొదలుపెట్టాను. వలి నా అంచు రెండు చేతులా పట్టుకున్నాడు. కొర్లమ్మ నా ముక్కు గాలికెదురు తిప్పి నిలబెట్టింది. దుమ్ము కాస్త పలచబడగానే ఆమె దూరంగా చూసి, "అదేటి బాబూ, ఒడ్డు నడిసొత్తంది?" అంది.

ఒడ్డు కాదు, నీళ్ళ మీద తేలుతూ పెరిగే గడ్డి, గుర్రపుడెక్క. వాగు కలిసే చోట ఎన్నాళ్ళుగానో పెరిగి దుప్పటిలా పరుచుకున్న మడి, నీళ్ళు తగ్గి వేళ్ళు వదులై, గాలి తోపుకి ఊడొచ్చేసింది. ఊదా పూలతో సహా పచ్చగా, మెల్లగా, ఊరేగింపులా కదిలి వెళుతోంది. వెళుతున్నది తిన్నగా ప్లాంటు పంపుల వైపు.

కాసేపటికి వలి చేతిలోని వాకీటాకీ గరగరలాడింది. ఒక పంపు ఆగిపోయిందని ఎవరో ఎవరికో చెబుతున్నారు. పంపుల ముందు చెత్త లోపలికి పోకుండా లావుపాటి ఇనుప కమ్మీల జాలీ ఉంటుంది. గడ్డి వచ్చి దాన్ని మూసేసింది. నీళ్ళు అందక పంపు తనంతట తనే ఆగింది. గడ్డి తోడే యంత్రం ఉంది గానీ, మొదటి దెబ్బకే దాని గొలుసు తెగింది.

ఇక మిగిలినవి రెండు పంపులు. లోపల పుట్టే వేడి అంతే ఉంది, దాన్ని మోసుకొచ్చే నీళ్ళు తగ్గాయి. నాకది కొలత లేకుండానే తెలిసింది. కాళ్ళు పెట్టుకున్న బకెట్లో ఎవరో వేడినీళ్ళు వంచినట్టు, పాయలోంచి వచ్చే నీరు నా అడుగున ముందు ఒక పక్క, తర్వాత రెండు పక్కలా కాగసాగింది. వలి వేడి కొలిచే తీగ నీళ్ళలోకి వదిలి చూశాడు. ఇంకోసారి చూశాడు.

"ముకం అలా పెట్టినావేటి? సెప్పు."

"పది దాటిందక్కా."

అతను వాకీటాకీ నోటిదగ్గర పెట్టుకున్నాడు. అవతల కంట్రోల్ రూములో షిఫ్టు బాధ్యురాలు ప్రసూన. నేనామెను అప్పటికి చూడలేదు. గొంతు మాత్రం ఎప్పుడూ వినేదాన్ని. తొందరపడని గొంతు.

"మేడమ్, పాయ మొగలో పది డిగ్రీలు దాటింది. పెరుగుతా ఉంది. పవర్ తగ్గించాల."

"కొంచెం తగ్గించాను వలీ గారూ. ఇంకా తగ్గించనివ్వమని గ్రిడ్ వాళ్ళని అడుగుతున్నాను. ఈ గాలికి రెండు లైన్లు తెగాయట, బొగ్గు యూనిట్లు ఆగాయట. ఇప్పుడు మనం కూడా తగ్గిస్తే ఊళ్ళకి ఊళ్ళు ఆరిపోతాయంటున్నారు. వడదెబ్బ తగిలినవాళ్ళతో ఆసుపత్రులు నిండి ఉన్నాయి. కాసేపు ఆగమంటున్నారు."

"హద్దు దాటింది మేడమ్."

"తెలుసు. ఆ గడ్డి తీయిస్తే ఆగిన పంపు మళ్ళీ వేస్తాను. అంతవరకు చూడండి."

కొర్లమ్మ అంతా విన్నది. నన్ను పంజరాల వైపు తిప్పింది. అక్కడ నీళ్ళు ఉడుకుతున్నట్టే ఉన్నాయి. వేడికి కాదు, చేపలకి. పంజరాల్లోని చేపలన్నీ పైకొచ్చేసి మూతులు తెరిచి గాలి కోసం ఎగబడుతున్నాయి. పాయకి దగ్గరగా ఉన్నవి కొర్లమ్మ పంజరాలే. సంఘంలో ఆడవాళ్ళు నలుగురు తెప్పల మీద నిలబడి, చట్రాలకి తాళ్ళు కట్టి, చల్లటి నీళ్ళ వైపు లాగాలని చూస్తున్నారు. చేతి తెడ్లకి ఆ పంజరాలు కదలడంలేదు.

"వదినా!" అని కేకేసింది నూకరాజు చెల్లెలు బండమ్మ. "బేగి రా, మోటారుకి కట్టు. ముందు నీవే లాగుదాం."

కొర్లమ్మ తాడు అందుకుంది. నా వెనక కొక్కేనికి ఒక ముడి కూడా వేసింది. అక్కడ ఆగింది. ఆమె చూపు పంజరాల మీంచి పాయ మీదికి, పాయ మీంచి దూరంగా పచ్చగా మూసుకుపోతున్న పంపుల వైపు వెళ్ళింది. నేను ఒక్కసారికి ఒక్క పంజరాన్నే లాగగలను, అదీ నత్త నడకన. మొత్తం ఇరవై పైనే. ఆమె రెండు లాగేసరికి మిగిలినవి ఉడికిపోతాయి.

ముడి విప్పేసింది.

"ఏటి సేత్తన్నావే! నీ సేపలు సచ్చిపోతన్నాయి."

"ఆ గడ్డి తీయకపోతే అందరియీ సత్తాయి," అంది కొర్లమ్మ. మోటారు తాడు లాగింది. బండమ్మ వెనకనుంచి ఏం తిట్టిందో గాలిలో సగమే వినిపించింది. ఆ సగం చాలు. కొర్లమ్మ వెనక్కి తిరగలేదు. తిరిగితే వెళ్ళలేదని నాకు అర్థమైంది. మోటారు పిడిని చివరిదాకా తిప్పేసింది.

పంపుల దగ్గర కాంక్రీటు వేదిక మీద పంపుహౌసు సూపర్‌వైజరు ఆదినారాయణ, అతని మనుషులూ పొడవాటి కొక్కేలతో గడ్డి లాగుతున్నారు. పైనుంచి లాగినది గుప్పెడు, గాలి తెచ్చి పెడుతున్నది బండెడు. జాలీకి ముందు నీళ్ళ మీద తేలే ఎర్ర బుడ్లు కట్టిన తాడు ఒకటి అడ్డంగా ఉంటుంది. పంపులు తిరుగుతుండగా పడవలు దాన్ని దాటకూడదు. లోపల నీటి లాగుడు అంత బలంగా ఉంటుంది.

కొర్లమ్మ తాడుకి ఇవతలే ఉండి పని మొదలుపెట్టింది. పాత వల ఒకటి మడి మీదికి విసిరి, దాని కొసలు నాకు కట్టి, మోటారు పూర్తిగా తిప్పి లాగింది. నా వెనక కొక్కెం కిర్రుమంది. ఒక పెద్ద ముక్క తెగి మా వెంట వచ్చింది. దాన్ని దూరంగా గాలి తగలని ఒక మలుపులో వదిలేసి మళ్ళీ వచ్చాం. మళ్ళీ లాగాం. వలి భయం మరిచిపోయి వల విసరడం నేర్చుకున్నాడు. విసిరిన ప్రతిసారీ తనూ వెంట పడబోయేవాడు, కొర్లమ్మ అతని జాకెట్టు పట్టి వెనక్కి గుంజేది. వేదిక మీదినుంచి ఆదినారాయణ, "పోతోంది, పోతోంది! ఇంకో నాలుగు లాగండి!" అని అరిచాడు. ఆగిన పంపు ముందు నీళ్ళు నల్లగా కనబడ్డాయి.

కానీ ఆఖరి మడి కమ్మీలకే అల్లుకుపోయింది. దానికి వల అందదు. తాడు దాటాలి.

"వద్దక్కా," అన్నాడు వలి. "అది దాటకూడదు."

"తెలుసు. ఒక్కసారి పోయి కొక్కెం తగిలించి వచ్చెద్దాం."

వలి వాకీటాకీ వైపు చూశాడు. అడిగితే ప్రసూన వద్దంటుంది. అతను అడగలేదు. ఆ మాట తర్వాత అందరి ముందూ తనే చెప్పుకున్నాడు.

తాడు దాటగానే నీరు నన్ను పట్టుకుంది. సముద్రంలో ఎన్నో లాగుళ్ళు చూశాను. అవన్నీ ఊగుతాయి, పట్టుకుని వదుల్తాయి. ఇది వదలదు. కొర్లమ్మ నన్ను ఏటవాలుగా నిలబెట్టి, మోటారుతో ఎదురీదిస్తూ, వలి చేత కొక్కెం తగిలించింది. తగిలింది. "పద!" అన్నాడు వలి. ఆమె మోటారు పెంచింది. అంతే, మోటారు గొంతు మారిపోయింది. గుర్రపుడెక్క వేళ్ళు మోటారు అడుగున తిరిగే పంకాకి చుట్టుకుని బిగిశాయి. ఒక మూలుగు, ఒక పొగ. ఆగిపోయింది.

నేను పక్కవాటుగా తిరిగిపోయాను. ఆగిన పంపు ముందు నుంచి నడుస్తున్న పంపు ముందుకి నీరు నన్ను ఈడ్చుకుపోయి కమ్మీలకేసి కొట్టింది. నా కుడి డొక్క పగిలింది. ఆ దెబ్బకి వలి ఎగిరి నీళ్ళలో పడ్డాడు.

జాకెట్టు అతన్ని పైకి తేల్చింది. నీళ్ళు అతన్ని కిందికి లాగాయి. నడుస్తున్న పంపు ముందు గడ్డి మూయని సందు అదొక్కటే కదా, నీళ్ళన్నీ అక్కడికే ఎగబడుతున్నాయి. అతని కుడికాలు రెండు కమ్మీల మధ్యకి మోకాలు దాకా దూరిపోయింది. అతను అరిచిన అరుపు నేను మళ్ళీ వినాలనుకోను. కొర్లమ్మ నా అంచు మీద బోర్లా పడుకుని అతని చంకల కింద చేతులు వేసి పట్టుకుంది. నీళ్ళు అతని గడ్డం దాకా ఉన్నాయి. వెనకనుంచి గడ్డి వచ్చి అతని మెడ చుట్టూ పేరుకుంటోంది. గడ్డి పేరుకునేకొద్దీ మిగిలిన సందులో లాగుడు పెరుగుతోంది.

"ఒగ్గీయకు బాబూ, నా మెడ పట్టుకో!"

"కాలు రావట్లేదక్కా. కాలు రావట్లేదు."

వేదిక అంచున ఆదినారాయణ నిలువునా బిగుసుకుపోయాడు. అతని పక్కనే గోడకి పంపులు ఆపే ఎర్ర మీటలున్నాయి. అతని చెయ్యి ఒకదాని మీదికి వెళ్ళి ఆగింది. ఆ పంపు ఆపితే మిగిలిన ఒక్కటీ చాలదు, ప్లాంటు మొత్తం ఒక్కసారిగా ఆగిపోతుంది. పైమాట లేకుండా దాన్ని నొక్కిన మనిషి అక్కడ ఇంతవరకూ లేడు.

వాకీటాకీ నా అడుగున, ఊరుతున్న నీళ్ళలో పడి ఉంది. కొర్లమ్మ ఒక చెయ్యి వదల్లేక వదిలి దాన్ని అందుకుంది. వలి రోజూ నొక్కడం చూసిన బొత్తాం నొక్కింది.

"అమ్మా! నీ పంపు మడిసిని మింగేత్తంది. ఆపు!"

"ఎవరు మాట్లాడేది?"

"పడవోళ్ళం. వలీ బాబు కమ్మీల్లో ఇరుక్కుపోయినాడు. పీక దాకా నీళ్ళొచ్చీసినాయి. ఆపమ్మా, నీకు దండం పెడతాను!"

అవతల ఏ శబ్దమూ లేదు. ఎంతసేపో నేను చెప్పలేను. వలి నోట్లోకి ఒకసారి నీళ్ళు వెళ్ళి, దగ్గి, మళ్ళీ పైకొచ్చేంతసేపు. ఆ తర్వాత ప్రసూన గొంతు వచ్చింది. అదే గొంతు, కాకపోతే ఈసారి తొందరగా.

"ఆదినారాయణ గారూ, మీ దగ్గరున్నవి నొక్కేయండి. రెండూ."

"మేడమ్, గ్రిడ్డు వాళ్ళకి..."

"నేను చూసుకుంటాను. నొక్కండి!"

అతను రెండు చేతులతో రెండూ నొక్కాడు.

జలాశయానికి వచ్చిననాటినుంచి నేనొక హోరు వింటూనే ఉన్నాను. విని విని అది ఉందనే మరిచిపోయాను. అది ఆగినప్పుడు తెలిసింది. మెల్లగా దిగిపోతూ, దిగిపోతూ, ఏమీ లేకుండా అయిపోయింది. నీరు పట్టు వదిలేసింది. నేను కమ్మీల మీదినుంచి ఒక జానెడు వెనక్కి తేలాను. కొర్లమ్మ వలిని లాగింది. అతని కాలు మెలికతో బయటికొచ్చింది. ఇద్దరూ నాలో వెల్లకిలా పడ్డారు. ప్లాంటు పైనుంచి పెద్ద బుసతో తెల్లటి ఆవిరి లేచింది. అది చూసి వలి మూలుగుతూనే, "భయపడొద్దక్కా, అది ఆగిపోయినప్పుడు అట్లే వదుల్తారు. కొలిమిని చల్లబెట్టే నీళ్ళు వేరే, వాటి పంపులు వేరే. ఏమీ కాదు," అన్నాడు. ఎముక విరిగిన మనిషి ఆమెకి ధైర్యం చెబుతున్నాడు. కొర్లమ్మ అప్పుడు ఏడ్చింది.

ఆ సాయంత్రం చాలా ఊళ్ళు ఆరిపోయాయి. ఆసుపత్రుల్లో జనరేటర్లు నడిచాయి. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదన్న కబురు అందేదాకా ప్రసూన కంట్రోల్ రూము వదల్లేదట, మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదట. పాయలో వేడి దిగిపోయింది. పంజరాల్లో సగానికి పైగా బతికాయి. బండమ్మవి బతికాయి. పాయకి దగ్గరున్న కొర్లమ్మవి ఒక్కటీ మిగల్లేదు. తెల్లటి పొట్టలు పైకి తేలిన చేపల్ని ఆమె తట్టలతో ఎత్తి గట్టున గొయ్యి తీసి పూడ్చింది. బండమ్మ కూడా వచ్చి పలుగు పట్టుకుంది. తిట్టలేదు, ఓదార్చలేదు. గొయ్యి మాత్రం లోతుగా తవ్వింది.

తర్వాత విచారణ వచ్చింది. పెద్ద కార్లలో పెద్ద మనుషులు వచ్చి, పగిలిన నన్ను చూడ్డానికి సంఘం షెడ్డు దగ్గరికి వచ్చారు. ప్రసూన కూడా వచ్చింది. గొంతుని బట్టి పొడగరి అనుకున్నాను. చిన్నగా, కళ్ళకింద నల్లటి చారలతో ఉంది. కర్ర ఆనించుకుని వలి వచ్చాడు. వాళ్ళంతా ఆమెని అడిగింది ఒక్కటే, ప్లాంటుని ఎందుకు ఆపావని. హద్దు దాటాక కూడా ఎందుకు ఆపలేదని ఒక్కరూ అడగలేదు. మనుషుల లెక్కలు నాకెప్పుడూ వింతే. నీళ్ళ కోసం ఆగనిది, ఇరవై పంజరాల చేపల కోసం ఆగనిది, ఒక మనిషి మోకాలి కోసం ఆగింది. ఆగినందుకే సంజాయిషీ.

పెద్దాయన ఒకరు కొర్లమ్మ వైపు తిరిగి, "నువ్వేమంటావమ్మా? ఆ రోజు ఈమె చేసింది సరైన పనేనా?" అని అడిగాడు.

కొర్లమ్మ ప్రసూన వైపు చూసింది.

"ఆయమ్మ ఆపింది కాబట్టి వలీ బాబు ఈ పొద్దు నిలబడి ఉన్నాడు. ఆ మాట ఎక్కడైనా సెప్తాను," అంది. పెద్దాయన వైపు తిరిగి, "కానీ బాబూ, ముందే ఆపాల. పది దాటిందని ఈయన సెప్పినప్పుడే ఆపుంటే నాను ఆ గడ్డిలోకి ఎల్లేదాన్నే కాదు. ఎర్రబుడ్లు దాటడం నా తప్పు. ముందే ఆపకపోడం ఆయమ్మ తప్పు. రెండూ రాసుకోండి."

ప్రసూన తల ఊపింది. "రాసుకోండి," అంది తనూ. "ఆమె చెప్పినట్టే రాసుకోండి."

రాసుకున్నట్టే ఉన్నారు. ప్రసూనని కొన్నాళ్ళు వేరే పనిలో పెట్టి, మళ్ళీ కంట్రోల్ రూముకి పంపారు. పంపుల ముందు గుర్రపుడెక్క రాకుండా పెద్ద తేలే కంచె కట్టారు. ఒక పంపు ఆగి, నీటి వేడి హద్దు దాటితే ఇక ఎవరినీ అడగక్కర్లేదు, షిఫ్టులో ఉన్నవాళ్ళే వెంటనే తగ్గించెయ్యాలని ఆజ్ఞ వచ్చింది. ఆ సంగతి చెప్పడానికి ప్రసూన ఒక ఆదివారం పేటకి ఒక్కతే వచ్చింది. కొర్లమ్మ విని, "కాగితం మీద రాసింది గాలి సదువుతాదేటి? సూద్దాం," అని, ఆమెకి మజ్జిగ ఇచ్చింది.

ఇక నా సంగతి. డొక్క పగిలిన ఫైబరు పడవని ఎవరూ కొనరు. ఇనుమైతే పాతసామాన్లవాడు కొంటాడు, చెక్కైతే పొయ్యిలోకి పోతుంది. మేం దేనికీ పనికిరాం, చావమూ చావం. నూకరాజు నన్ను గుంటలో పారేద్దామన్నాడు. కొర్లమ్మ ఒప్పుకోలేదు. నా డొక్కకి అతుకు వేయించి, షెడ్డు పక్కన నీడపట్టున కుదురుగా నిలబెట్టి, నన్ను నీళ్ళతో నింపించింది. ఇప్పుడు నేను చేపపిల్లల తొట్టెని. పంజరాల్లోకి వెళ్ళేముందు వేలి గోరంత పిల్లలు నాలో పెరుగుతాయి. ఇన్నేళ్ళూ నీటిని బయటే ఉంచడానికి అవస్థపడిన నాకు కడుపునిండా నీళ్ళు మొదట్లో ఇబ్బందిగానే ఉండేవి. అవి లోపల తిరుగుతుంటే చక్కిలిగిలి. అలవాటైంది.

మరుసటి మే నెలలో మళ్ళీ గాలి లేచింది. మిట్టమధ్యాహ్నం. బండమ్మ, కొర్లమ్మ షెడ్డులో ఫ్యాను కింద కూర్చుని వలలు బాగుచేస్తున్నారు. నేను గట్టున ఉన్నా నాకు హోరు వినిపిస్తూనే ఉంటుంది. ఆ హోరులో ఒక పొర తగ్గినట్టనిపించింది. ఒక పంపు ఆగింది. కాసేపట్లోనే, ఎవరో మెల్లగా పొయ్యి తగ్గించినట్టు, ప్లాంటు గొంతంతా కిందికి దిగసాగింది.

షెడ్డులో ఫ్యాను తిరగడం ఆగిపోయింది.

"పాడు కరెంటు! ఇప్పుడే పోవాలా? ఈ ఎండలో మనిసి బతకొద్దా?" అని బండమ్మ చీరచెంగుతో విసురుకుంటూ ప్లాంటుని దులిపేసింది. మెడ మీద చెమట కారుతున్నా కొర్లమ్మ కదల్లేదు. చెవి ఒగ్గి, తగ్గుతున్న ఆ హోరునే వింటోంది. పూర్తిగా విన్నాక లేచి వచ్చి, నా అంచు మీద వంగి, మోచేయి దాకా చెయ్యి నీళ్ళలో పెట్టింది. చేపపిల్లలు ఆమె వేళ్ళ చుట్టూ మూగాయి.

"పోనీయే," అంది.